మూసుకోని చిప్పలు

నమోదు 1. వానలు వెనకబట్టిన వారం

ఈ లాగ్ సర్కారుది కాదు. సర్కారు లాగ్‌ని తొట్టి పక్కనున్న యంత్రమే రాసుకుంటుంది: తొట్టిలో ఏ ఆల్చిప్ప తెరిచి ఉంది, ఏది మూసుకుంది, ఎంతసేపు. యంత్రానికి కోపం రాదు. నాకు వస్తుంది కాబట్టి నాది నేను వేరుగా రాసుకుంటున్నాను. పేరు సూరీడమ్మ. లాకుపేట చిప్పల చావడిలో రెండో కాపరిని. మొదటి కాపరి తవిటయ్య మావ.

ఈరోజు గెలిచాం. ముందు అది రాయాలి.

మా దిగువసీమ వెళ్ళి ఐక్యసీమలో కలవడం ఖాయమైన దగ్గర్నుంచి ఊళ్ళో అందరిదీ ఒకటే పాట. కలిస్తే రోడ్లొస్తాయి. కలిస్తే కరెంటిచ్చే ఎండగుడ్డ చవకవుతుంది. కలిస్తే ఎగువనున్న ఎర్రమెట్ట రంగుల మిల్లులో మనవాళ్ళకి పనులొస్తాయి. సరిహద్దు పోతే సరిహద్దు మీదున్న లాకు కూడా పోతుందని, మిల్లు కడుగునీళ్ళు కలిసిన పెద్దేరు అడ్డూ ఆపూ లేకుండా మన కుళాయిల్లోకి వస్తుందని ఒక్కరికీ తట్టలేదు. లాకు కట్టకముందు మా కింద వీధి ఆడవాళ్ళు ఆ ఏట్లోనే బట్టలుతికేవారు. మా అమ్మ వేళ్ళకి గోళ్ళు ఉండేవి కావు. పళ్ళెంలో మెతుకు ఏరుకోలేకపోయేది. ఇదంతా చూసి పెరిగినవాళ్ళే ఇవాళ రోడ్ల గురించి మాట్లాడుతున్నారు.

నాకు చదువు చెప్పింది బడి కాదు, కరపత్రాలు. పడవల్లో వచ్చేవి, గోడల మీదివి, పొట్లం విప్పితే దొరికేవి, దేన్నీ వదల్లేదు. అందుకే నేనూ కరపత్రాలే రాశాను. "చిప్ప అబద్ధమాడదు" అని పెద్ద అక్షరాలతో ఊరంతా అంటించాను.

ఒప్పందం సభలో ఐక్యసీమ వాళ్ళు లాకు అడ్డంకి అన్నారు. మావాళ్ళు తల వంచుకుని కూర్చున్నారు. నేను లేచి అడిగాను. ఏరు బాగుందని మీరెవరు చెప్పడానికి, బాగోలేదని మేమెవరం చెప్పడానికి? రెండువైపుల వాళ్ళకీ చుట్టం కానిది తొట్టిలో ఉంది, దాన్నే అడగండి అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒప్పుకున్నారు.

దఫా రాయించింది నేనే. వేసవి ముగిసేదాకా సంధికాలం. ఈలోగా తొట్టిలో చిప్పలన్నీ ఒక్కసారి మూసుకున్నా లాకు శాశ్వతంగా ఉంటుంది. ఒక్కసారి కూడా మూసుకోకపోతే తీసేస్తారు. ఒక్కసారి చాలు. మామూలు రోజుల్లో నెల తిరక్కుండా ఎన్నిసార్లు మూసుకుంటాయో, లాకు ఎన్నిసార్లు దడాలున పడుతుందో మాకు తెలుసు. నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

నమోదు 2. చలి మొదలు

పొద్దున పని: తొట్టి గాజు తుడవడం, నాచు గీకడం, ఊడిన అయస్కాంతం బిళ్ళల్ని మళ్ళీ చిప్పల వీపుకి అంటించడం. బిళ్ళ కదిలితే యంత్రానికి తెలుస్తుంది. ఏట్లోంచి గొట్టం ద్వారా నీళ్ళు తొట్టిలోకి వస్తూ పోతూ ఉంటాయి. చిప్పలకి నచ్చకపోతే నోరు మూస్తాయి. ఎక్కువ నోళ్ళు మూసుకుంటే లాకు తలుపు దానంతటదే పడుతుంది, ఏరు పాత పాయలోకి తిరిగి సముద్రానికి పోతుంది, ఊరు నిల్వనీళ్ళు తాగుతుంది. ఇంతకన్నా న్యాయమైన ప్రభుత్వం నేనెక్కడా చదవలేదు.

ఈ వారం సాగనంపు జరగాలి. ప్రతి రుతువు చివరా తొట్టిలో చిప్పల్ని తీసి, ఆడవాళ్ళు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు పాటలు పాడుతూ, మిల్లు నీళ్ళు కలవని కొండవాగు, మా కొండగెడ్డకి మోసుకెళ్ళి వదులుతారు. అక్కణ్ణుంచి కొత్తవి తెస్తారు. ఈసారి జరగదు. జరక్కుండా చేసింది నేనే.

ఐక్యసీమ పరిశీలకురాలు హిమజ గారు మా చావడి పక్క పాత సుంకం గదిలో దిగింది. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ నియమావళి రాసుకుంటోంది. సాగనంపు దగ్గర కలం ఆపి, ఇది పనిలో భాగమా, పండగా అని అడిగింది. పండగే అన్నాను. చిప్పకి బొట్టేమిటి? లోకమంతా చూస్తుండగా సైన్సు పక్కన పసుపుగిన్నె పెట్టుకుని కూర్చోవాలా? పండగలన్నీ సంధికాలం తర్వాతికి వాయిదా అట. పైగా కొండగెడ్డ ఇప్పుడు వేరే జిల్లా, ప్రాణులు జిల్లా గీత దాటాలంటే క్వారంటైన్ చీటీ కావాలట. ఉన్న చిప్పలకే తలా ఒక సీలు అంటించి, దఫాలో లెక్కలోకొచ్చేవి ఇవే అంది. నేను ఎంతో బుద్ధిమంతురాలిలా తలూపాను.

తవిటయ్య మావ మాత్రం రోజంతా మొహం ముడుచుకుని తిరిగాడు.

"సాగనంపు మానీకూడదే, సూరీడు."

"ఎందుకు మానకూడదు మావా?"

"ఎందుకంటే ఏటి సెప్తాను? మా అయ్య సేసినాడు, నాను సేసినాను."

"అది కారణం కాదు గదా."

"కాదులే," అన్నాడు. "కానీ సేసినాం గదా."

ఇదీ మన పెద్దవాళ్ళ వాదన. నాకు ఒళ్ళు మండింది. కింద వీధి ఆడవాళ్ళు పసుపు పళ్ళేలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళకి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పళ్ళేల మీద కొంగులు కప్పుకుని వెనక్కి పోయారు. అదే నాకు ఇంకా చిరాకు.

నమోదు 3. చలి ముదిరింది

మూసుకోవడం లేదు.

సీళ్ళు వేసిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా లాకు పడలేదు. మొదట్లో సంతోషించాను, ఒప్పందానికి భయపడి మిల్లువాళ్ళు నీళ్ళు శుభ్రం చేసి వదులుతున్నారని. కరపత్రం గెలిచిందని మావతో కూడా అన్నాను. ఇప్పుడు పొద్దున్నే రేవుకెళ్తే నీటి మీద రంగురంగుల తెట్టు. లాకు గోడకి పసుపు నురగ. పచ్చి వార్నిష్ వాసన. నిన్న చేపలు వెల్లకిలా తేలాయి. వాటిని గెంటుకుంటూ వచ్చిన నీళ్ళే తొట్టిలోకి వస్తున్నాయి. తొట్టిలో చిప్పలు మాత్రం బార్లా తెరుచుకుని, పెళ్ళి భోజనంలో కూర్చున్నట్టు తాగుతున్నాయి.

యంత్రం చూశాను. తీగలు చూశాను. గొట్టం కోసి లోపల చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. అంటే ఎవరో ఏదో చేశారు. ఎవరు? మా అన్నయ్య అప్పన్న పోయిన నెలలోనే ఎర్రమెట్ట మిల్లులో చేరాడు. పండక్కి బూట్లు తెచ్చుకున్నాడు. చేరిన వారానికే తోటి పనివాళ్ళని వెంటేసుకుని చావడి చూపించడానికి వచ్చాడు. తొట్టిలో చెయ్యి పెట్టిన వాళ్ళని నేనే అదిలించాను.

నేరుగా ఇంటికెళ్ళి అడిగాను, తొట్టిలో ఏం కలిపారని. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపి చూశాడు.

"నీకు పిచ్చేటే?"

"మీ మిల్లోళ్ళు ఏటి కలిపినారో సెప్పు."

"కలిపేది ఏట్లోనే కలుపుతన్నారు, దాసుకుని నీ తొట్టిలో కలపాలేటి? నీ సిప్పలే సెప్తన్నాయి గదే నీళ్ళు మంచివని. గోడల మీద రాసింది నువ్వే గదా, నానేటి రాసినానా?"

వదిన లోపల్నుంచి, అన్నం దగ్గర గొడవేమిటని కేకేసింది. మేనకోడలు బంగారి కంచంలోంచి తల ఎత్తి మా ఇద్దర్నీ చూస్తోంది. ఆ పిల్ల నోట్లో పొక్కులు. కారం తగిలి ఏడుస్తోంది. మంచినీళ్ళు అని అడిగితే వదిన కుళాయి తిప్పింది.

మిల్లులో చేసేది ఎండగుడ్డకి పూత. ఎండని కరెంటు చేసే గుడ్డ. మా ఇంటి కప్పు మీద అదే, చావడి కప్పు మీదా అదే. చిప్పల యంత్రం నడిచేది దాంతోనే. ఎవర్ని తిట్టాలో తెలియక వీధిలోకొచ్చి నా కరపత్రం నేనే చించాను. సగమే చిరిగింది. జిగురు బాగా పెట్టాను మరి.

నమోదు 4. మామిడి పూత

ఒక అనుమానం తొలుస్తోంది. చావడిలో కూర్చుంటే తీరదు. కొండగెడ్డకి వెళ్ళొచ్చాను.

జిల్లా గీత దగ్గర కాపలా కాసే ఎగిరే డబ్బాలు తల మీద తిరుగుతున్నాయి. ములగాకు బుట్ట కింద తడి గోనె, గోనెలో గుప్పెడు కొత్త చిప్పలు, పక్కన గెడ్డ నీళ్ళ సీసా. కాపరిని దొంగని చేసిన ఒప్పందం ఇది. రాసింది నేనేనని ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు.

చావడికి వచ్చి వాటిని తొట్టిలో, పాతవాటి పక్కనే పెట్టాను. నీళ్ళు తగిలీ తగలగానే టక్కుటక్కున మూసుకున్నాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. వాటిని ఆనుకుని పాత చిప్పలు నాలికలు చాపుకుని హాయిగా తెరుచుకుని ఉన్నాయి.

తవిటయ్య మావ పీట మీద కూలబడ్డాడు.

ఒక రుతువంతా ఆ నీళ్ళలో ఉంటే చిప్పలకి అలవాటైపోతుంది. అంతే. మొదటి వారం నోరు మూయించిన విషం నాలుగో నెలకి తిండిలో ఉప్పులాంటిదవుతుంది. అందుకే మార్చాలి. అందుకే సాగనంపు.

"అయితే మావోళ్ళు పసుపు రాసి పంపినది ఇందుకేనన్నమాట," అన్నాడు మావ. "ఎవుడూ సెప్పలేదే మాకు."

లాకు కట్టినవాళ్ళకి తెలిసే ఉంటుంది. నియమంగా రాస్తే ఎవరో ఒక తెలివైనవాళ్ళు అనవసరం అని కొట్టేస్తారని భయపడి, పండగలో పెట్టి పోయారేమో. పండగని ఎవరూ ముట్టుకోరని నమ్మి ఉంటారు. ఇన్నేళ్ళు ఎవరూ ముట్టుకోలేదు కూడా. ఇప్పుడు నేను ముట్టుకున్నాను. నాకు ఎవరి మీద కోపమో రాయాలంటే ఈ పేజీ చాలదు.

నమోదు 5. ఆ మర్నాడే

మూసుకున్న కొత్త చిప్పల్ని బకెట్లో పెట్టుకుని హిమజ గారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. మా మనుషులు కూడా నన్ను అంత ఓపిగ్గా వినలేదు, అది రాయాలి.

విన్నాక అంది, "మీరు చెప్పేది నిజమే అయ్యుంటుంది సూరీడమ్మా. కానీ ఈ చిప్పలకి సీలు లేదు. గీత దాటించి తెచ్చినవి. వీటి మాట నేను ఎక్కడ రాయను?"

పాత చిప్పలు పనికిరావని రాయండి అన్నాను. అది రాస్తే ఇంకో చిక్కుంది అంది. చిప్పలు పొరబడతాయని మీరే ఒప్పుకున్నట్టు. ఇన్నేళ్ళలో లాకు పడిన ప్రతిసారీ చిప్పలు పొరబడ్డాయేమోనని మిల్లువాళ్ళు అడుగుతారు. అప్పుడు దఫా మొత్తం రద్దవుతుంది, లాకు వేసవిదాకా కూడా ఉండదు.

"మరి ఏం చెయ్యమంటారు?"

"నేను ఏదీ చెయ్యమనకూడదు. దఫా నాది కాదు కదా."

ఇలాంటి వాళ్ళతో పోట్లాడ్డం ఎలాగో ఏ కరపత్రంలోనూ లేదు. అరిచేవాళ్ళతో, తోసేవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఉంది. పళ్ళెంలో నాకు అటుకులు పెట్టి, మన వైపు తప్పు మనకే మెల్లగా చదివి వినిపించే మనిషితో ఎలా మాట్లాడాలో లేదు. అటుకులు తినకుండా వచ్చేశాను. కొత్త చిప్పల్ని మావ పసుపు రాసి గెడ్డకి తిరిగి పంపాడు. రాస్తుంటే నేను గిన్నె పట్టుకున్నాను.

నమోదు 6. ఎండలు

సంధికాలం అయిపోవస్తోంది. లాకు విప్పడానికి గాను క్రేన్ పడవ రేవులో దిగింది. దాని చుట్టూ జనం తిరునాళ్ళలా తిరుగుతున్నారు.

మావ ఇవాళ తలుపు దగ్గరికి వేసి ఒక మాట అన్నాడు.

"గుప్పెడు ఉప్పు పడిసీరాదేటి? తొట్టిలో ఏసీ. అన్నీ మూసుకుంటాయి. ఎవుడు సూడొచ్చినాడు?"

నిజమే. ఉప్పు వేస్తే ఏ చిప్పయినా మూసుకుంటుంది. సీళ్ళున్నవే మూసుకుంటాయి. లాకు మిగులుతుంది. నేను ఒప్పుకోలేదు. అబద్ధంతో లాకు నిలబెట్టుకుంటే మనకీ మిల్లుకీ తేడా ఏమిటన్నాను. మనం ఒక్కసారి ఉప్పేస్తే, రేపు వాళ్ళు ఇంకోటి వేస్తారన్నాను. చాలా మాట్లాడాను.

మావ అంతా విని, "నువ్వు సెప్పినదంతా మంచిదేనే గుంటా," అన్నాడు. "బంగారికి సెప్పు ఇదంతా. నోరు పొక్కిపోయి గంజి కూడా దిగట్లేదట."

ఇంటికి పోబుద్ధి కాలేదు. నిజం చెప్పే లాకు కావాలని నేనంటే, ఏదో ఒక లాకు ఉండాలని ఆయన. ఆయన అడిగేది తప్పని నేను రుజువు చెయ్యలేను.

నాకు ఇంకో దారి తోచింది. ఆఖరి సభ చావడిలోనే జరుగుతుంది. అందరి ముందూ ఏటి నీళ్ళు ఆపేసి, తొట్టిని కొండగెడ్డ నీళ్ళతో నింపుతాను. పాత చిప్పలు మురికిలోనూ తెరిచే ఉంటాయి, మంచినీళ్ళలోనూ తెరిచే ఉంటాయి. అప్పుడు గుడ్డివాడికి కూడా తెలుస్తుంది వీటికి దేనిలోనూ తేడా తెలియడం లేదని. దఫా పోతే పోనీ. ఊరు కళ్ళతో చూశాక కొత్త దఫా కోసం మళ్ళీ కొట్లాడొచ్చు. నిజం అందరి ముందూ పెడితే చాలు.

నీళ్ళకి చీటీ అక్కర్లేదు. ప్రాణులకే.

నమోదు 7. ఆఖరి సభ

ఇది ఈరోజే రాయాలి.

చావడి నిండా జనం. మిల్లు తరఫు వాళ్ళు తెల్లబట్టల్లో ముందు వరసలో. అన్నయ్య వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు, భుజం మీద బంగారి. నేను గొట్టం కట్టేసి, తొట్టి ఖాళీ చేసి, గెడ్డ నీళ్ళు నింపుతూ చెప్పడం మొదలుపెట్టాను. ఇవి ఈ చుట్టుపక్కలకెల్లా తేటనీళ్ళు. చూడండి, ఈ చిప్పలకి దీనికీ ఏటికీ తేడా...

మాట పూర్తి కాలేదు. మొదటి చిప్ప మూసుకుంది. దాని పక్కది. వరసంతా. టక్, టక్, టక్కుమని అన్నీ, సీళ్ళతో సహా. మరుక్షణం బయట లాకు తలుపు దడాలున పడింది. చావడి గోడలు అదిరాయి.

మంచినీళ్ళు చూసి భయపడ్డాయి. మురికికి అంతగా అలవాటుపడ్డ ప్రాణికి తేటనీళ్ళు విషంలా తగిలాయి. తొట్టి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. ఒక్క క్షణం తర్వాత జనం కేకలు, చప్పట్లు. లాకు పడింది, లాకు ఉండిపోతుంది అని ఒకరి భుజం ఒకరు తట్టుకుంటున్నారు. మిల్లువాళ్ళు లేచి నిలబడ్డారు.

నేను అరిచాను. కాదు, ఇవి మంచినీళ్ళు, చిప్పలే తప్పుగా చెప్తున్నాయి, అదే నేను చూపించాలనుకున్నది అని. ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. హిమజ గారికి వినబడింది. ఆవిడ నా పక్కకి వచ్చి, తను రాసుకునే పలక మీద వేలు పెట్టి, నాకు మాత్రమే వినబడేలా అంది.

"సీలున్న చిప్పలన్నీ, చావడి తొట్టిలో, సంధికాలంలోనే మూసుకున్నాయి. దఫా ప్రకారం లాకు ఉంటుంది. మీరిప్పుడు అంటున్న మాట కూడా రాయమంటే రాస్తాను. అప్పుడు లాకు ఉండదు. రాయనా?"

నా జీవితంలో ఎవరూ నన్ను అంత మర్యాదగా ఇరికించలేదు. మావ నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. జనం మధ్యలోంచి బంగారి తలొక్కటి కనిపిస్తోంది. మూతి చుట్టూ ఏదో మందు పూశారు, తెల్లగా.

రాయొద్దు అన్నాను.

ఉప్పు వద్దని నీతులు చెప్పింది నేను. గెడ్డ నీళ్ళతో అదే పని చేసింది నేను. నన్ను భుజాల మీద ఎత్తుకుని రేవుదాకా మోశారు. దించమని ఎంత కొట్టుకున్నా దించలేదు.

నమోదు 8. తొలకరి ముందు

గెలుపు ఎలా ఉందో రాస్తాను.

క్రేన్ పడవ వెళ్ళిపోయింది. లాకు ఉంది. శాశ్వతంగా ఉంటుందని లాకు గోడకి రాతిపలక కూడా బిగించారు. కానీ హిమజ గారి నివేదికలో తొట్టిలో ఉన్న నీళ్ళు ఎక్కడివో రాయాలి కదా. కొండగెడ్డవి అని ఉన్నది ఉన్నట్టు రాసింది. చిప్పలు మూసుకున్నాయి కాబట్టి కొండగెడ్డ కలుషితమని తేలింది. గెడ్డ చుట్టూ కంచె వేశారు. అక్కణ్ణుంచి నీళ్ళు గానీ, చిప్పలు గానీ ఎవరూ తేకూడదు. సంధికాలం అయిపోయింది, సాగనంపుకి ఇప్పుడు అనుమతి ఇచ్చారు. పంపడానికి చోటు లేదు, తెచ్చుకోవడానికి చిప్పల్లేవు.

తొట్టిలో మళ్ళీ ఏటి నీళ్ళే. పాత చిప్పలు మళ్ళీ హాయిగా తెరుచుకున్నాయి. లాకు మళ్ళీ ఎత్తే ఉంది. కాపరి తన ఇష్టానికి లాకు దించితే నేరం, చిప్పలు మూసుకుంటేనే దించాలని దఫా. దాన్ని కూడా నేనే గట్టిగా పట్టుబట్టి రాయించాను, మనుషుల చేతిలో పెడితే లంచాలొస్తాయని.

గెడ్డ మంచిదని ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతున్నారు. అంతమంది ముందు చిప్పలు మూసుకున్నాయి కదే అంటున్నారు. నిన్న ఒక పెద్దావిడ నన్ను ఆపి, గెడ్డ నీళ్ళు విషమని బయటపెట్టి ఊరిని కాపాడావని తల నిమిరింది. నేను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను.

హిమజ గారు బదిలీ మీద వెళ్ళిపోతూ చావడికి వచ్చింది. మీ సంగతి నేను మరిచిపోను సూరీడమ్మా అంది. మరిచిపోకుండా ఏం చేస్తారని అడిగాను. ముక్కు తుడుచుకుంది. జలుబు ఇంకా తగ్గలేదు. ఆవిడ చోటికి ఇంకొకాయన వస్తాడట.

నమోదు 9. తొలకరి

మధ్యాహ్నం మిల్లు షిఫ్టు విడిచిపెట్టాక అన్నయ్య సైకిల్ మీద చావడి ముందుకొచ్చి ఆగాడు. సభ తర్వాత నాతో మాట్లాడ్డం ఇదే మొదటిసారి. దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, నా వైపు కాకుండా ఏటి వైపు చూస్తూ అన్నాడు.

"ఈయేళ బంగారికి కుళాయి నీళ్ళు పట్టకని మీ వొదినకి సెప్పీసినాను. నువ్వూ తాగకు."

"కడుగునీళ్ళు ఇప్పీసినారా?"

"నానేటీ సెప్పలేదు."

"ఎప్పుడొస్తాది ఇక్కడికి?"

చక్రం కేసి చూసి తొక్కడం మొదలుపెట్టాడు. కాస్త దూరం పోయి, వెనక్కి తిరక్కుండానే, "బేగి," అన్నాడు.

మిల్లులో రంగు తొట్లు కడిగేది అన్నయ్య వాళ్ళ జట్టే. కడుగునీళ్ళు వదిలే తలుపు తాళం ఉండేది ఆ జట్టు దగ్గరే. బయటికి చెప్పినట్టు తెలిస్తే పని పోవడం ఒక్కటే కాదు, ఐక్యసీమ చట్టంలో మిల్లు రహస్యం చెప్పిన వాడికి జైలు. ఆ దఫా మేం కలవకముందే ఉంది. నేను చదవలేదు.

తొట్టి చూశాను. చిప్పలు తెరుచుకునే ఉన్నాయి. మావ చూశాడు, నేను చూశాను. మావ లాకు చక్రానికి ఉన్న గొలుసు విప్పి పక్కన పెట్టాడు. చేత్తో తిప్పి చాలా ఏళ్ళయింది, తుప్పు పట్టింది. ఇద్దరం వేలాడితే గానీ కదల్లేదు. నా అరచేతులు చీరుకుపోయాయి. సగం దిగేసరికే ఎగువన మలుపు దగ్గర నీళ్ళ రంగు మారడం కనిపించింది. నారింజ రంగు చార, ఒడ్డు పక్కనే, తొందర లేకుండా వస్తోంది. ఇంకా గట్టిగా తిప్పాం. తలుపు కింద రాయిని తాకింది. చార లాకుకి కొట్టుకుని, ఆగి, పాత పాయ వైపు మళ్ళింది.

కుళాయిలు ఆగిపోయాయి. నిల్వనీళ్ళు వదిలితే ఎందుకు వదిలావని అడుగుతారు, వదలకపోతే ఎందుకు ఆపావని అడుగుతారు. వదిలాను. పావుగంటలో ఖాళీ బిందెలతో కింద వీధి ఆడవాళ్ళు గుమ్మం ముందున్నారు. చిప్పలు తెరుచుకుని ఉన్నాయి, యంత్రంలో పచ్చ దీపం వెలుగుతోంది, లాకు మూసి ఉంది. వాళ్ళు ఒకసారి తొట్టి వైపు, ఒకసారి నా వైపు చూస్తున్నారు. ఎవరో గొణిగారు, ఈ గుంటకి మతి పోయిందని. కొత్త పరిశీలకుడు సుంకం గదిలోంచి బయలుదేరాడు, పలక చంకలో పెట్టుకుని.

నేను గట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆయన వచ్చేలోపు ఈ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టమని మావకి ఇస్తాను. అన్నయ్య పేరు దీన్లో ఉంది.

నా జీవితమంతా నిజం గోడల మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాలని నమ్మాను. ఇప్పుడు ఆయన వచ్చి లాకు ఎవరు దించారని అడుగుతాడు. నేనే అని చెప్తాను. ఎందుకని అడుగుతాడు. అది చెప్పను.